మొదటి పేజీ నుంచి చదవమన్నాను

అది 1954, వానాకాలం. నేను పటాన్‌చెరులో బైబిల్ ఉమన్‌గా చేరి అప్పటికి ఆరేళ్ళు. ఆ పేరు ఇప్పటివాళ్ళకు కొత్తగా ఉండవచ్చు. క్రైస్తవ సంఘం జీతమిచ్చి పెట్టుకున్న బోధకురాలిని అలా అనేవారు. మగవాళ్ళకు వాక్యం చెప్పడానికి ఊళ్ళలో ఉపదేశి ఉండేవాడు. ఆయన వంటింట్లోకి, పురిటింట్లోకి పోలేడు. అక్కడికి మేము పోయేవాళ్ళం. తెల్ల చీర, గొడుగు, భుజాన గుడ్డసంచి. సంచిలో బైబిలు, పాటల పుస్తకం, పిక్చర్ రోల్ ఉండేవి. పిక్చర్ రోల్ అంటే మేకుకు తగిలించి ఒక్కో బొమ్మ తిప్పుతూ కథ చెప్పే పటాల చుట్ట. కొంచెం దూది, అయోడిన్ కూడా పెట్టుకునేదాన్ని, ఎందుకంటే పల్లెల్లో ముందు పుండు చూపించి తరువాతే పాట వినేవాళ్ళు.

నా కిందికి వచ్చే పల్లెలన్నీ పటాన్‌చెరు చుట్టుపక్కలే. ఇప్పుడు ఫ్యాక్టరీ గేట్లు, లారీల వరసలు ఉన్న నేలంతా అప్పట్లో జొన్నచేలు. బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి గట్ల వెంబడి నడవడమే.

మా పనిలో బరువంతా బాప్తిస్మానికి ముందే ఉండేది. క్యాటకిజం అని ప్రశ్నలు జవాబుల పాఠం ఒకటుంది. దేవుడు ఎవరు, పాపమంటే ఏమిటి, ఇలా. చదువురాని ఆడవాళ్ళకు దాన్ని నోటికి వచ్చేదాకా చెప్పించాలి. కలుపు తీస్తూ, జొన్నలు విసురుతూ వాళ్ళు అప్పజెప్పేవాళ్ళు. బాప్తిస్మం అయిన రోజున అందరికీ సంతోషం. ఆ తరువాత నేను ఇంకో పల్లెకు. నెలనెలా సంగారెడ్డిలో చూపించాల్సిన నా రిపోర్టు బుక్కులో బాప్తిస్మాలకు ఒక గడి ఉండేది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు తరువాత ఏం చదువుతున్నారు, ఎలా చదువుతున్నారు అన్నదానికి గడి లేదు. లేదన్న సంగతి కూడా అప్పటికి నాకు తట్టలేదు.

అమీన్‌పూర్ పోయే దారిలో ఒక పల్లె ఉంది. ఆ వేసవిలో అక్కడ ఏడు ఇళ్ళవాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో దానియేలు ఒకడు. అంతకుముందు పేరు పెంటయ్య. ముప్పై లోపు వయసు, పటేలు దగ్గర జీతం ఉండేవాడు, అంటే ఏడాది పొడుగునా వ్యవసాయప్పని చేసే మనిషి. ఉపదేశి నడిపిన సాయంత్రపు బడిలో రెండు చలికాలాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. వేలు గీత కింద పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. ఆ వాడలో కాగితం చదవగలిగిన మొదటి మనిషి అతనే.

అందుకే బాప్తిస్మం రోజున అతనికి బైబిలు మొత్తం పుస్తకం ఇచ్చాం. మిగతా ఇళ్ళకు పాటల పుస్తకాలు. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, దీన్ని యాడికెల్లి షురూ చెయ్యాలె?"

బస్సు వేళవుతోంది. నేను పిక్చర్ రోల్ చుడుతున్నాను. "మొదటి పేజీ నుంచి చదువు తమ్మీ. దినానికొక అధ్యాయం" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ మాటకు నేను రెండో ఆలోచన చేయలేదు.

వానలు పడ్డాక ఒక అంగడి రోజున నర్సవ్వ మా ఇంటికి వచ్చింది. నర్సవ్వ దానియేలు తల్లి. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోనని చెప్పేసింది కూడా. నాతో మాత్రం మంచిగానే ఉండేది. గడప దగ్గర కూర్చుని తడిసిన కొంగు పిండుకుంటూ సూటిగా అడిగింది.

"పంతులమ్మా, మీ దేవునికి ఆడిపిల్లంటే పడదా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. కోడలు శాంతమ్మ పదకొండు రోజుల కింద ప్రసవించింది. ఆడపిల్ల. నర్సవ్వే పురుడు పోసింది. ఆ మర్నాడే దానియేలు భార్యను, బిడ్డను పశువుల కొట్టంలోకి పంపించాడు. ఎనభై రోజులు ఇంట్లోకి రావద్దన్నాడు. ఎనభై అయ్యాక బలికి కావాలని రెండు పావురాలు కూడా తెచ్చి గంప కింద పెట్టాడు.

"మా దాంట్ల ఇరవై ఒక్క దినమే. గది గూడ ఇంట్ల ఓ మూలకు ఉండనిస్తం. పాత దేవుళ్ళను ఇడిసిపెడితే కష్టం తక్కువైతదన్నరు. కొత్తాయినకు ఎనభై గావాల్నంట. కొట్టం ఉరుస్తున్నది, చంటిది దగ్గుతున్నది. నా మాట ఇంటలేడు. నువ్వన్న వచ్చి చెప్పు."

ఆమె చెబుతుండగానే నాకు లెక్క తెలిసిపోయింది. రోజుకొక అధ్యాయం. ఆదికాండం యాభై, నిర్గమకాండం నలభై. ఆ తరువాతిది లేవీయకాండం. ప్రసవించిన స్త్రీ ఎన్నాళ్ళు మైలగా ఉండాలో, కొడుకైతే ఎంత, కూతురైతే దానికి రెట్టింపు ఎంత, చివర ఏ పక్షులు తేవాలో అందులో ఉంది. పన్నెండో అధ్యాయం. సరిగ్గా భార్య పురిటి రోజులకు అతను అక్కడికి చేరాడు.

సంచి తీసుకుని నర్సవ్వ వెంట బయలుదేరాను. దారిలో ఆమె ఇంకో మాట చెప్పింది. బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళలో ఇంకో ఇద్దరు గర్భిణులున్నారు. వాళ్ళ మగవాళ్ళు దానియేలు ఏం చేస్తే అదే చేద్దామని చూస్తున్నారు. చదువొచ్చినవాడు అతనొక్కడే కదా.

మేము చేరేసరికి దానియేలు ఇంట్లోనే ఉన్నాడు. వానకు దున్నడం ఆగిపోయింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ముఖంలో తప్పు చేసినవాడి జంకు లేదు, పైగా నేను వచ్చినందుకు సంతోషం కనిపించింది. చేతులు కడుక్కుని, గూట్లోంచి గుడ్డ చుట్టిన పుస్తకం తీసి, ఆకు పెట్టుకున్న చోట తెరిచి చూపించాడు.

"సూడమ్మా. మా అవ్వ నమ్ముతలేదు. ఇండ్ల ఉన్నది."

ఉంది. నేను చూడకుండానే చెప్పగలను. అయినా చూశాను. ఇది ఏ కాలంలో ఎవరికి చెప్పిందో వివరించడం మొదలుపెట్టాను. ఎడారిలో ఉన్న ఒక జనం, వాళ్ళ గుడారం, వాళ్ళ యాజకులు. ట్రైనింగులో మాకు చెప్పినవే. అతను మధ్యలో అడ్డం రాకుండా మొత్తం విన్నాడు. విని, నెమ్మదిగా అడిగాడు.

"మనకు గాదంటే మరి నాకెందుకిచ్చినవ్?"

అతనే మళ్ళీ అన్నాడు:

"అమ్మా, ఎన్కట తాలూకా కాడికెల్లి కాగితమొస్తే పట్వారి కాడికి తీస్కపోతుంటిమి. ఆయినేం చదివితే గదే రాసి ఉన్నదనుకుంటిమి. ఇన్ని దినాలు వెట్టి చెయ్యాల్నని ఉన్నదంటే చేసినం. ఉన్నదో లేదో ఎవనికెరుక. గీ పుస్తకం నేను నా కండ్లతోటి చదివిన. ఇప్పుడు నువ్వొచ్చి, ఉన్నది గని చెయ్యొద్దంటున్నవ్."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. అతను మొండివాడు కాదు. భార్య మీద ప్రేమ లేనివాడూ కాదు. జీవితంలో మొదటిసారి ఎవరూ చదివి చెప్పకుండా తానే చదివి, చదివినదాన్ని తు.చ. తప్పకుండా చేస్తున్నాడు. నేను గట్టిగా చెబితే వినేవాడే. కానీ అప్పుడు నేను ఇంకో పట్వారిని అవుతాను.

"తప్పు నాది తమ్మీ. మొదటి పేజీ నుంచి చదువుమన్నది నేనే. గది తొందరల చెప్పిన మాట. ఆలోచన చేసి చెప్పింది గాదు" అన్నాను.

నేను లేచి కొట్టంలోకి పోయాను.

కొట్టం ఇంటి వెనుక ఏడెనిమిది అంగల దూరంలో ఉంది. సగం కప్పు బాగుంది, ఆ సగంలో బర్రె. ఇటువైపు గడ్డి మీద గోనెపట్టా పరిచి శాంతమ్మ పడుకుని ఉంది. పక్కన మట్టి తడిసి మెత్తబడింది. ఆమెకు ఇరవై ఏళ్ళుంటాయేమో. నన్ను చూసి లేవబోయింది.

"లోపలికి రాకక్కా. నువ్వు వాక్యం చెప్పే మనిషివి, నీకు మైలైతది."

"నీకు కోపం లేదా?" అని అడిగాను.

"ఆయిన చదివిండు గదక్కా. నాకు చదువొస్తదా, ఏమన్న అననీకి."

గోనెపట్టా మీద కూర్చుని చంటిదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. ఒళ్ళు వేడిగా ఉంది. ఊపిరికి డొక్కలు ఎగురుతున్నాయి. నేను నర్సును కాను, కానీ పురిటిళ్ళు తిరిగిన దాన్ని. ఆ పిల్ల ఇంకో రెండు రోజులు అక్కడే ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. దాన్ని ఎత్తుకుని రోడ్డుకు నడవొచ్చు. ఆ ఆలోచన వచ్చింది. అలా చేస్తే ఈ పిల్ల ఒక్కతి బతుకుతుంది, ఆ ఇద్దరు గర్భిణులు కొట్టాల్లోకి పోతారు. దానియేలుకు అక్కడినుంచే కేకేశాను.

"తమ్మీ, బాలింతను ముట్టిన, చంటిదాన్ని ఎత్తుకున్న. నీ లెక్కల నేను గూడ మైలైన. ఇగ పుస్తకం పట్టరాదు. నువ్వే చదివి వినిపియ్యాలె."

అతను పుస్తకం పట్టుకుని ఇంటి వెనుక గోడ దగ్గర నిలబడ్డాడు. మార్కు రాసిన సువార్త తెరవమన్నాను, ఐదో అధ్యాయం. అతను చాలాసేపు పేజీలు తిప్పాడు.

"నడిమిట్ల గిన్ని పేజీలున్నయమ్మా. అన్ని ఇడిసిపెట్టుడేనా?"

"ఇడిసిపెట్టు. యాడికి పోవు. మల్ల వద్దాం."

ఇరవై అయిదో వచనం నుంచి మొదలుపెట్టాడు. అతని చదువు నెమ్మది, గొంతు చిన్నది, బర్రె పక్కన కదులుతోంది. మాకు వినబడలేదు. దగ్గరికి రమ్మంటే నాలుగైదు అంగలు వేసి ఆగాడు. ఈలోగా తుంపర మొదలైంది. పుస్తకం తడుస్తుందని చొక్కా కింద దాచబోయాడు. అతనికి దగ్గరలో ఉన్న నీడ కొట్టం చూరే. ఒక క్షణం అటూ ఇటూ చూసి చూరు కిందికి వచ్చి, మా వైపు పక్కగా తిరిగి నిలబడి చదవసాగాడు.

ఒక స్త్రీకి పన్నెండేళ్ళుగా రక్తస్రావం. ఎంతమంది వైద్యుల దగ్గరికి పోయినా తగ్గలేదు. ఉన్నదంతా పోయింది. అంతవరకు చదివి అతను ఊపిరి తీసుకున్నాడు.

శాంతమ్మ నా వైపు చూసి అడిగింది: "గామె పన్నెండేండ్లు యాడ పండుకున్నదక్కా?"

ఆ అధ్యాయం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పిక్చర్ రోల్‌లో దాని బొమ్మ కూడా ఉంది. ఆమె ఎక్కడ పడుకుందో అన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. దానియేలు కూడా ఆ ప్రశ్న విన్నాడు. మళ్ళీ వేలు గీత మీద పెట్టాడు.

ఆ స్త్రీ గుంపులో వెనకనుంచి వచ్చి యేసు వస్త్రం పట్టుకుంటుంది. అక్కడ అతని వేలు ఆగిపోయింది.

"ముట్టుకున్నది" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. "మైలమనిషి వచ్చి ముట్టుకున్నది."

"ఏమన్నడు? తిట్టిండా?" శాంతమ్మ అడిగింది.

"ఉండు, చదువనియ్యి."

తరువాత అతను చదివినంత వేగంగా చదవడం నేను అంతకుముందు వినలేదు. నన్ను ఎవరు ముట్టారని ఆయన అడగడం, ఆమె వణుకుతూ వచ్చి కాళ్ళ మీద పడడం, దాచకుండా అంతా చెప్పుకోవడం. దానియేలు తలెత్తి శాంతమ్మకు చెప్పాడు:

"తిట్టలే. బిడ్డా అన్నడు."

నేను అక్కడితో ఆపుదామనుకున్నాను. నేను చూపించదలచుకున్నది అంతే. అతను ఆగలేదు. ఆ కథ వెనుక ఇంకో కథ ఉంది. సమాజమందిరపు అధికారి కూతురు చావుబతుకుల్లో ఉందని యేసును పిలుచుకుపోతుంటేనే దారిలో ఈ స్త్రీ వచ్చింది. ఈ ఆలస్యంలో ఆ పిల్ల చనిపోయిందని కబురు వస్తుంది. అయినా ఆయన ఆ ఇంటికి పోతాడు. పిల్ల చేయి పట్టుకుని లేపుతాడు. చివర, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని చెప్తాడు. ఆ ఆఖరి వచనాన్ని దానియేలు రెండుసార్లు చదివాడు.

పుస్తకం మూయకుండానే భార్యను అడిగాడు: "పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"అత్త గట్క పెట్టింది."

"గప్పటి సంది?"

చంటిది దగ్గింది. దానియేలు పుస్తకం ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు. కింద బురద, గూడు ఇంట్లో ఉంది. వంగి, దాన్ని శాంతమ్మ మోకాళ్ళ మీద పెట్టాడు. రెండు చేతులూ ఖాళీ చేసుకుని నా ఒళ్ళోంచి కూతురిని తీసుకున్నాడు. శాంతమ్మ ఆ పుస్తకాన్ని పట్టుకోవాలో వద్దో తెలియక చేతులు గాల్లో పెట్టింది. జారిపోతుందేమోనని చివరకు పట్టుకుంది.

ఆ పొద్దే దానియేలు పటేలు బండి అడిగి తెచ్చి మమ్మల్ని ముగ్గురినీ రోడ్డుకు చేర్చాడు. బస్సులో సంగారెడ్డి దవాఖానకు పోయాం. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందని డాక్టరమ్మ చెప్పింది. పది రోజులకు పైగా ఉండాల్సి వచ్చింది. మూడో రోజు వరకు ఎవరమూ ధైర్యంగా లేము. తరువాత పిల్ల పాలు తాగసాగింది. ఊరికి తిరిగి వచ్చాక నర్సవ్వ ఎవరినీ అడగకుండా ఆ పావురాలు రెండూ కోసి బాలింతకు వండిపెట్టింది. అదే తన బలి అని నాతో చెప్పింది.

ఆ నెల రిపోర్టు తీసుకుని పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయినప్పుడు జరిగిందంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన మంచి మనిషి, బాగా చదువుకున్నవాడు. చాలా బాధపడ్డాడు.

"కొత్తవాళ్ళకు మొత్తం పుస్తకం ఇవ్వడం తొందరపాటమ్మా. వెనక్కి తీసుకుందాం. మూడు నాలుగేళ్ళు మనం చదివి చెబుదాం, తరువాత చూద్దాం" అన్నాడు.

అయ్యగారికి ఎదురు చెప్పడం మాకు అలవాటు లేదు. ఆ రోజు చెప్పాను.

"తీస్కుంటే దానియేలు మల్ల ఎవరన్న చదివి చెప్పేదాంక ఎదురుసూసే మనిషైతడయ్యగారూ. గందుకేనా ఆయిన చదువు నేర్చింది?"

ఆయన కాసేపు నా రిపోర్టు బుక్కు తిరగేస్తూ కూర్చున్నాడు. "మరేం చేద్దాం?" అన్నాడు.

పోర్షన్లు ఇద్దామన్నాను. పోర్షన్ అంటే ఒక్క సువార్త మాత్రమే అచ్చువేసిన పలచని పుస్తకం. చొక్కా జేబులో పడుతుంది. కొత్తవాళ్ళు ముందు మార్కు చదవాలి. చిన్నది, కథ వెంట కథ నడుస్తుంది, కూడబలుక్కునేవాడికి కూడా రెండు నెలల్లో అయిపోతుంది. ముందు యేసు ఎవరో, మనుషులతో ఎలా ఉన్నాడో తెలియాలి. అది తెలిశాక మిగతా పుస్తకం ఆయన్ని దృష్టిలో ఉంచుకుని చదవొచ్చు. దానియేలు పుస్తకం దానియేలు దగ్గరే ఉంటుంది. అయ్యగారు ఒప్పుకున్నాడు. రిపోర్టు బుక్కులో నా అంతట నేనే ఇంకో గడి గీసుకున్నాను.

ఆ తరువాత వారానికొకసారి దానియేలు ఇంటి ముందు ఏడు ఇళ్ళవాళ్ళూ కూర్చునేవాళ్ళు. అతను చదివేవాడు. నేను ఎక్కువ చెప్పకుండా ఉండడం నేర్చుకున్నాను. అది నాకు కష్టమైన పాఠం. చదివిన తరువాత ఎవరికి ఏం తోచిందో అడగడమే నా పని. శాంతమ్మ ప్రశ్నలు అన్నిటికంటే దూరం పోయేవి. నర్సవ్వ గుంజకు ఆనుకుని, విననట్టే కూర్చుని, అన్నీ వినేది. ఆ ఇద్దరు గర్భిణులూ వాళ్ళ ఇళ్ళలోనే ప్రసవించారు.

దానియేలు అడిగిన ప్రశ్న మాత్రం నిలిచే ఉంది. మనకు కానిదైతే అది మన చేతికిచ్చిన పుస్తకంలో ఎందుకుంది? మూడేళ్ళ తరువాత మేము మళ్ళీ ఆ అధ్యాయానికి వచ్చాం. దానియేలు చదివి అందరి ముఖాలూ చూశాడు. శాంతమ్మ పక్కన ఆ పిల్ల మట్టితో ఆడుకుంటోంది.

"ఎనభై దినాలు పని చెప్పకుంట కూసోబెడితే మంచిగనే ఉంటుండె. కొట్టంల పండుమన్నదే బాగలేకుండె" అంది శాంతమ్మ.

అందరూ నవ్వారు, దానియేలు కూడా. ఆ నవ్వు తరువాత అతను తల వంచుకున్నాడు. నేను చదువుకున్న వ్యాఖ్యానాల్లో ఆ మాట లేదు. అందరూ ఆ జవాబు ఒప్పుకోవాలని కూడా నేననను. కానీ ఆ అధ్యాయం ఎవరి ఒంటి మీద పడిందో ఆమె మొదటిసారి దాని గురించి మాట్లాడింది, చదివినవాడు పక్కన కూర్చుని విన్నాడు.

ఆ పని నేను ఇంకా ఇరవై రెండేళ్ళు చేశాను. కొత్తగా చేరిన బైబిల్ ఉమన్లకు నేర్పే పని కూడా తరువాత నాకు వచ్చింది. దానియేలు చేసిన పొరపాటు మొదటి పేజీ దగ్గర మొదలుపెట్టడం ఒక్కటే అని చాలాకాలం అనుకున్నాను. మార్కు ఇస్తే సరిపోతుందనుకున్నాను. అది సగమే. మార్కు పట్టుకుని కూడా ఒంటరిగా చదివి ఇంట్లోవాళ్ళను బాధపెట్టినవాళ్ళను ఆ తరువాత చూశాను. దానియేలు వంద రోజులు ఒక్కడే చదివాడు. శాంతమ్మ అదే ఇంట్లో ఉంది, ఒక్క మాటా వినలేదు. తుంపర పడి అతను చూరు కిందికి వచ్చిన రోజునే ఇద్దరూ ఒక చోట విన్నారు.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు ఇప్పుడు కూడా నన్ను ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు. మార్కు అని చెప్తాను. వాళ్ళు లేచి పోయేలోపు నేనూ ఒకటి అడుగుతాను, నువ్వు చదువుతుంటే పక్కన ఎవరు కూర్చుంటారు అని.